స్పోర్ట్స్ కార్ల కోసమే మోటార్ షోకు వెళ్తున్నారా? టికెట్ కొనే ముందు ఇది చదవండి

మీరు అడిగినవి నాలుగు విషయాలు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లను దగ్గరగా చూడాలంటే ఏ అంతర్జాతీయ మోటార్ షోకు వెళ్లాలి, ఒక్క రోజు సరిపోతుందా, కార్లలో కూర్చోనిస్తారా, పదేళ్ల అబ్బాయిని వెంట తీసుకెళ్లవచ్చా. నేను ఇరవై ఏళ్లుగా ఈ ప్రదర్శనల చుట్టూ తిరుగుతున్నాను. మొదట ఒక పత్రిక కోసం వెళ్లేవాణ్ని, తరవాత సొంత ఖర్చుతో. వెళ్లినవాటిలో సగం సార్లు తప్పు రోజున వెళ్లాను, లేదా తప్పు బూట్లు వేసుకుని వెళ్లాను. ఈ సమాధానంలో ఎక్కువ భాగం అలా నేర్చుకున్నదే.

ముందు చేదు మాట చెప్పేస్తాను. "మోటార్ షో అంటే అన్ని కంపెనీలూ ఒకే కప్పు కింద ఉంటాయి కదా" అని రాశారు. ఒకప్పుడు అది నిజం. ఇప్పుడు కాదు.

స్పోర్ట్స్ కార్లకు పుట్టిల్లు లాంటిది జెనీవా ప్రదర్శన. 1905లో మొదలైంది. స్విట్జర్లాండ్‌కు సొంత పెద్ద కార్ల కంపెనీ లేదు కాబట్టి అక్కడ ఎవరికీ ఇంటివాళ్లమన్న పెత్తనం ఉండేది కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో అక్కడి కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో హాలును ఆక్రమించుకునేవి. జెనీవాలో మాత్రం ఏడాదికి కొన్ని పదుల కార్లు చేసే చిన్న కార్ఖానా కూడా పెద్ద కంపెనీకి నాలుగడుగుల దూరంలో నిలబడేది. జాగ్వార్ ఈ-టైప్ 1961లో అక్కడే లోకానికి కనబడింది. ఆ కారులో ఒక చుట్టు తిరగాలని వచ్చినవాళ్ల తాకిడికి ఉన్న కారు చాలక, నార్మన్ డ్యూయిస్ అనే టెస్టు డ్రైవరు ఇంగ్లండులోని కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రి రెండో కారును నడుపుకుంటూ జెనీవా చేరాడు. 1966లో లాంబోర్గిని మియురా, 1971లో కౌంటాచ్ తొలి నమూనా, 1999లో పగాని జోండా, 2016లో బుగాటి షిరాన్, అన్నీ ఆ ఊళ్లోనే. 2013లో అయితే ఫెరారి వారి లాఫెరారి, మెక్‌లారెన్ పీ1 ఒకే హాళ్ల వరసలో ఉన్నాయి. ఆ ఏడాది నేను ఒకదాని నుంచి ఇంకోదాని దగ్గరకు ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు.

2020లో కరోనా వల్ల తెరవడానికి కొద్ది రోజుల ముందు రద్దు చేశారు. అప్పటికే స్టాండ్లు, అంటే కంపెనీలు కార్లు నిలిపే వేదికలు, సగం కట్టేశారు. ఆ తరవాత జెనీవాలో మళ్లీ జరిగింది 2024లోనే, అదీ చాలా చిన్నగా. అదే ఏడాది మే నెలలో ఇక జరపబోమని నిర్వాహకులు ప్రకటించారు. పుట్టిల్లు మూతబడింది. కాబట్టి పాత వీడియోలు చూసి ప్రయాణం ఖరారు చేసుకోకండి.

కంపెనీలు ఎందుకు తప్పుకున్నాయన్నది తెలిస్తే ఎక్కడికి వెళ్లాలో మీకే అర్థమవుతుంది. పీ1 కార్లు చేసింది 375. షిరాన్‌లు 500. అన్ని తక్కువ కార్లు అమ్మడానికి లక్షల మంది వచ్చే హాలులో వారం పది రోజులు భారీ స్టాండు నిలబెట్టడం ఎందుకు? కొనేవాళ్లు ఎవరో వాళ్లకు ముందే తెలుసు. వాళ్లను నేరుగా పిలిచి, విడిగా ఒక గదిలో చూపిస్తే పని అయిపోతుంది. మిగిలినవాళ్లకు ఇంటర్నెట్ ఉంది. మనలాంటి వాళ్లకు బాధ కలిగించే లెక్కే అయినా తప్పు లెక్క మాత్రం కాదు.

ఇప్పుడు మిగిలినవి చూద్దాం. పారిస్ ప్రదర్శన 1898 నాటిది, సరి సంఖ్య ఏళ్లలో అక్టోబరులో జరుగుతుంది. జర్మనీ ప్రదర్శన 2021 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వదిలి మ్యూనిక్‌కు మారింది, బేసి ఏళ్లలో సెప్టెంబరులో. అక్కడ ప్రదర్శనలో కొంత భాగం ఊరి నడిబొడ్డున ఓడియన్స్‌ప్లాట్జ్, కోనిగ్స్‌ప్లాట్జ్ వంటి కూడళ్లలో పెడతారు, దానికి టికెట్ అక్కరలేదు. టోక్యో ప్రదర్శన ఇప్పుడు జపాన్ మొబిలిటీ షో పేరుతో బేసి ఏళ్లలో సాగుతోంది. చైనాలో ఏప్రిల్‌లో ఒక ఏడాది బీజింగ్, ఒక ఏడాది షాంఘై. విద్యుత్తుతో నడిచే కొత్త తరం స్పోర్ట్స్ కార్ల మీద ఆసక్తి ఉంటే నా ఓటు చైనాకే. పేరు మోసిన పాత కంపెనీల మీదే మనసుంటే మ్యూనిక్.

ఏది ఎంచుకున్నా, పాల్గొనే కంపెనీల జాబితా, హాళ్ల పటం విడుదలయ్యేదాకా విమానం టికెట్ కొనకండి. జాబితాలో పేరుంటే చాలదు. స్టాండు పెట్టింది కార్ఖానావాళ్లా, ఆ దేశంలోని పంపిణీదారా అన్నది కూడా చూడాలి. కార్ఖానావాళ్లయితే కొత్త కారు ఉంటుంది, చుట్టూ తాడు కూడా ఉంటుంది. పంపిణీదారు తెచ్చేది ఇప్పటికే అమ్మకంలో ఉన్న కారు, కానీ తలుపు తెరిచి చూపించే అవకాశం ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం. తాడుకు ఆవల ఉన్న అద్భుతం కంటే తలుపు తెరిచిన పాత మోడలు ఎక్కువ నేర్పుతుంది.

ఇంకో సంగతి. మోటార్ షోలో కారు మూగది. అగ్నిప్రమాద నిబంధనల వల్ల చాలా ప్రదర్శనల్లో ట్యాంకులో ఇంధనం నామమాత్రంగానే ఉంచుతారు, బ్యాటరీ తీగ ఊడదీస్తారు. పన్నెండు సిలిండర్ల ఇంజను హోరు వినాలన్నది మీ కోరికైతే హాలుకు వెళ్లి ప్రయోజనం లేదు. ఇంగ్లండులో 1993 నుంచి జరుగుతున్న గుడ్‌వుడ్ వేగోత్సవానికి వెళ్లండి. అక్కడ 1.86 కిలోమీటర్ల ఎగువకు సాగే దారిలో కార్లు మీ ముందు నుంచే దూసుకుపోతాయి. 2022లో మెక్‌మర్ట్రీ స్పీర్లింగ్ అనే చిన్న విద్యుత్ కారు ఆ దారిని 39.08 సెకన్లలో ముగించింది. అదీ అడుగున పెట్టిన ఫ్యాన్లతో నేలను పీల్చుకుంటూ. కాకపోతే అక్కడ కారు మీ ముందు ఉండేది రెండు క్షణాలు. హాలులో అయితే అది కదలదు, పారిపోదు. కాబట్టి హాలుకు వెళ్తే కదలని కారులో మాత్రమే కనబడేవి చూడాలి. అసలు సమాధానం ఇక్కడి నుంచి మొదలు.

నాలుగు కార్లు ఎంచుకోండి. నలభై కాదు. ఒక్కోదాని దగ్గర అరగంట నిలబడండి. మొదటి ఐదు నిమిషాలు ఫోను జేబులోనే ఉండనివ్వండి. ఫొటోల్లో ఎన్నడూ తెలియనిది కారు కొలత. మియురా తరం కార్ల పక్కన నిలబడితే పైకప్పు మీ నడుము దాటి ఎంతో పైకి రాదు. ఇప్పటి కార్లు ఫొటోలో అంతే నాజూకుగా కనిపిస్తాయి కానీ పక్కన నిలబడితే ఎంత వెడల్పో చూసి ఆశ్చర్యపోతారు. నేను ఎన్నో ఏళ్లు బొమ్మల్లో మోహించిన ఒక కారును మొదటిసారి ఎదురుగా చూసినప్పుడు, ఇది కారా పడవా అనిపించింది. ఆ మోహం అక్కడితో తీరింది.

తరవాత కారు ముందు మూలన వంగి, పక్కభాగం వెంబడి వెనక్కి చూడండి. హాలు పైకప్పుకు ఉన్న దీపాల వరసలు రంగు మీద గీతల్లా ప్రతిబింబిస్తాయి. ముందు రెక్క (ముందు చక్రం పైని రేకు) నుంచి తలుపు మీదకు, తలుపు నుంచి వెనక భాగానికి ఆ గీత తెగకుండా పారాలి. అతుకు దగ్గర మెట్టులా విరిగితే రేకులు సరిగ్గా కూర్చోలేదన్నమాట. కార్ఖానాల్లో తనిఖీ చేసేవాళ్లు చూసేదీ ఇలాగే. ఎంతో ఖరీదైన కార్లలో కూడా నాకు విరిగిన గీతలు కనబడ్డాయి. చేత్తో చేసిన కారులో కొంత తేడా సహజమేనని కొందరు సమర్థిస్తారు. నేను ఒప్పుకోను.

రంగు వేయకుండా వదిలిన కార్బన్ ఫైబర్ (కార్బన్ దారాల నేతతో చేసిన తేలికైన పదార్థం) ఉంటే అతుకుల దగ్గర నేతను గమనించండి. మంచి దర్జీ చొక్కా జేబు మీది గళ్లు చొక్కా గళ్లతో కలిసేలా కుడతాడు చూడండి, అలా బానెట్ నడిమి గీత దగ్గర రెండు వైపుల నేత చేపముల్లులా కలవాలి. పగాని కార్లు చూసేటప్పుడు ఇది మరిచిపోకండి. ఆ కార్ల బోల్టుల తలల మీద కూడా కంపెనీ పేరు చెక్కి ఉంటుంది. ఒక్కటి కనిపెట్టాక మిగతావి వెతుక్కుంటూ కారు చుట్టూ తిరుగుతారు.

ఇక చక్రాల దగ్గర కూర్చోండి, సిగ్గుపడకండి. టైరు పక్కన రాసిన అంకెలు కారు జాతకం చెబుతాయి. షిరాన్‌కు ముందు టైర్ల వెడల్పు 285 మిల్లీమీటర్లు, వెనక 355. ఇంజను బరువు వెనక ఉంది కాబట్టి వెనక చక్రాలకు అంత పట్టు కావాలి. ముందు వెనకల తేడా తక్కువగా ఉంటే ఇంజను ఎక్కడుందో ఊహించి, తరవాత సరిచూసుకోండి. టైరు మీద అండాకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండూ ఏ ఏడాదో చెబుతాయి. నిన్నగాక మొన్న పుట్టిందని చెప్పిన కారుకు మూడేళ్ల నాటి టైర్లుంటే, అది ఊరూరా తిరిగిన ప్రదర్శన నమూనా కావచ్చు. చక్రం సందుల్లోంచి బ్రేకు పళ్లెం (డిస్కు) చూడండి. మామూలు ఇనుప పళ్లెం అద్దంలా మెరుస్తుంది, అంచున తుప్పు పట్టి ఉంటుంది. కార్బన్ సెరామిక్ పళ్లెం మసక బూడిద రంగులో, లోపల దారపు ముక్కలు పరిచినట్టు ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని రంధ్రాల లెక్క. పెట్రోలు ఇంజనులో ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలను తిప్పేది దాదాపు మూడో వంతే, మిగిలినదంతా వేడి. 1001 హార్స్‌పవర్ బుగాటి వేరాన్‌లో ఆ వేడిని బయటకు పంపడానికి పది రేడియేటర్లు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి నిజమైన స్పోర్ట్స్ కారు మీద ప్రతి రంధ్రానికీ ఒక పని ఉంటుంది. గాలి ఎక్కడ లోపలికి వెళ్తోంది, దేన్ని చల్లారుస్తోంది, ఎక్కడ బయటపడుతోంది అని వేలితో గాలిలో గీసుకుంటూ వెతకండి. అనుమానం ఉంటే ఫోను దీపం వెలిగించి లోపలికి చూడండి. నాలుగు వేళ్ల లోతులో నల్ల ప్లాస్టిక్ గోడ కనబడితే అది అలంకారం. కొందరు సిబ్బందికి ఈ పరీక్ష నచ్చదు. చూసి ఏమీ అనకుండా పక్కకు వెళ్లిపోతారు.

తిరిగే వేదిక మీద పెట్టిన కాన్సెప్ట్ కార్లను, అంటే అమ్మకానికి కాక ఆలోచన చూపించడానికి చేసిన నమూనాలను మాత్రం సినిమా సెట్టును చూసినట్టే చూడాలి. కిటికీలు చిక్కటి నలుపుగా ఉండి లోపల ఏమీ కనబడకపోతే లోపల ఏమీ లేకపోవచ్చు. ఈ కళ పాతదే. 1966లో జెనీవాలో అందరి మతి పోగొట్టిన ఆ మియురా, ప్రదర్శనకు కొద్ది రోజుల ముందే పూర్తయింది. ఇంజను ఆ చోట పడుతుందో లేదో చూసే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు. అందుకని ఇంజను ఉండాల్సిన చోట బరువులు నింపి, ప్రదర్శన జరిగినన్నాళ్లూ మూత తాళం వేసి ఉంచారట. ఖాళీ కడుపుతో నిలబడిన ఆ కారే తరవాత ఎన్నో కార్లకు దారి చూపింది. కాబట్టి కాన్సెప్ట్ కారును తీసిపారేయనూ వద్దు, బ్రేకులు ఎలా ఉన్నాయని దాన్ని అడగనూ వద్దు.

చిన్న కంపెనీల స్టాండ్లు వదలకండి. ఒక కారు, ఒక బల్ల, ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురిలో ఒకరు కారును నిజంగా తయారు చేసినవాళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద స్టాండులో చిరునవ్వుతో నిలబడేవాళ్లకు కరపత్రంలో ఉన్నదే తెలుస్తుంది. వాళ్లను విసిగించకుండా "సాంకేతిక విషయాలు మాట్లాడేవారు ఎప్పుడు ఉంటారు?" అని మర్యాదగా అడగండి. వేళ చెబుతారు. ఆ వేళకు వెళ్లి ధర, మైలేజీ అడగకండి. ఈ కారులో చల్లబరచడానికి ఏ భాగం ఎక్కువ ఇబ్బంది పెట్టింది అని అడగండి. 2014లో కోనిగ్‌సెగ్ తెచ్చిన వన్:1 పేరుకు అర్థమే కిలోకు ఒక హార్స్‌పవర్, 1360 కిలోలకు 1360. అలాంటి కారు దగ్గర నిలబడి, చివరి పది కిలోలు ఎక్కడ తగ్గించారని అడిగితే మనిషి ముఖం వెలిగిపోతుంది. అలా మొదలైన ఒక మాట నన్ను నలభై నిమిషాలు నిలబెట్టింది. సగం నాకు అర్థం కాలేదు, అయినా కదలబుద్ధి కాలేదు.

రోజుల సంగతి. ఒక పూర్తి రోజు కంటే రెండు ఉదయాలు మంచివి. తిరగడం మొదలుపెట్టిన ఐదో గంటకు కళ్లు కార్లను చూడటం మానేసి కుర్చీల కోసం వెతుకుతాయి. నేను షిరాన్‌ను మొదటిసారి చూడటానికి శనివారం మధ్యాహ్నం వెళ్లాను. చూసిందేమిటంటే ఎత్తిన చేతులు, ఆ చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్ల తెరల మీద కారు. రెండో రోజు తలుపులు తెరిచే వేళకు వెళ్లి, దారిలో ఏ స్టాండు దగ్గరా ఆగకుండా నేరుగా దాని దగ్గరకు నడిచాను. పావుగంట పాటు నేనూ, తుడిచే గుడ్డ పట్టుకున్న ఒక ఉద్యోగీ తప్ప ఎవరూ లేరు. పనిరోజు ఉదయం తెరిచిన వెంటనే వెళ్లండి, అందరూ చివరికి చేరే హాలుకు మీరు మొదట చేరండి. అది కుదరకపోతే మూసే ముందు గంటన్నర. మెత్తని బూట్లు వేసుకోండి. తివాచీ పైపై ముచ్చటే, దాని కింద అంతా గచ్చే.

ఫొటోల గురించి రెండే మాటలు. ఫోనులోని వెడల్పు లెన్సుతో దగ్గర నుంచి తీస్తే కారు ముక్కు ఉబ్బిపోతుంది. వెనక్కి జరిగి రెండింతల జూముతో, హెడ్‌లైటు ఎత్తులో ఫోను పట్టుకుని తీయండి. వీడియోలో దీపాలు మినుకుమంటే, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాల్లో షట్టరును సెకనులో 50వ లేదా 100వ వంతుకు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 60వ లేదా 120వ వంతుకు పెట్టండి.

కూర్చోవడం గురించి. అతి ఖరీదైనవాటిలో కూర్చోనివ్వరు, కొనేవాళ్లు ముందే సమయం తీసుకుని వస్తారు. కొనబోతున్నట్టు నటించకండి, వాళ్లు రోజూ అలాంటివాళ్లను వందమందిని చూస్తారు. ఆ తరవాతి అంచెలో ఉన్న కార్ల దగ్గర, జనం పలచగా ఉన్నప్పుడు అడిగితే తరచూ ఒప్పుకుంటారు. అడగకుండా తలుపు పిడి మీద చెయ్యి వేయడం మాత్రం మహాపాపం. ఎక్కేటప్పుడు ముందు వెనక్కి తిరిగి గడప అంచు మీదుగా సీటులో కూలబడి, తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తెచ్చుకోవాలి. ముందు కాలు పెట్టి ఎక్కబోతే మోకాలు, స్టీరింగు, పరువు మూడూ ఇరుక్కుంటాయి. లోపల ఉన్న రెండు నిమిషాల్లో అద్దంలోంచి వెనక ఏం కనబడుతోందో చూడండి. కౌంటాచ్‌ను వెనక్కి నడపాలంటే చాలామంది తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, తల బయటపెట్టి నడిపేవారు. ఇప్పటి కార్లలో కెమెరాలు ఎందుకు వచ్చాయో అప్పుడు తెలుస్తుంది.

అబ్బాయిని తప్పకుండా తీసుకెళ్లండి. పదేళ్ల వయసువాడి కన్ను దాదాపు ఈ కార్ల పైకప్పు ఎత్తులో ఉంటుంది, మనం నడుం వంచితే కనబడేవి వాడికి నిలబడితేనే కనబడతాయి. టైరు అంకెలు, రంధ్రాల లెక్క వాడికి అప్పజెప్పండి, మీరు సరిచూడండి. పిల్లలు అడిగితే సిబ్బంది తలుపులు త్వరగా తెరుస్తారన్నది నేను కళ్లారా చూసిన నిజం. ఎటొచ్చీ, కార్ల రంగు మీద గీతలు పడకుండా, వాడి జాకెట్టుకు ఇనుప జిప్పు ఉంటే హాలులోకి అడుగుపెట్టగానే విప్పించి మీ సంచిలో పెట్టుకోండి. మీ బెల్టు బకిల్‌ను కూడా చొక్కా కింద దాచుకోండి.